వామనావధాని కర్ణకోరకములు

శరత్కాలపు సాయంసమయము. నాలుగు నెలలుగా మోసిన నీటికుండలన్నియు దించివేసి భుజములు తేలికపడిన ఆకాశము పడమటి కొండలపై నడుము వాల్చుచుండగను వేగావతీతీరమున విరిసిన రెల్లుపూలు గాలి యడిగిన ప్రతిమాటకును తలలూపుచుండగను గూటికి మరలు కొంగలబారు నింగిపై నొక పంక్తిని వ్రాసి తృప్తిచాలని కవివలె తానే దానిని చెరిపివేయుచుండగను బొబ్బిలి పట్టణమున విద్వజ్జనసంకులమైన యొక పందిరిలో అష్టావధానవిద్యావిశారదులును ఆఱుపదుల వయసునను ఆశువునకు ఆయాసపడనివారును అగు కొడమంచిలి వామనావధానిగారు తమ్ము ప్రశ్నింపవచ్చిన ఎనమండ్రు పృచ్ఛకుల నడుమ కూర్చుండి యుండిరి.

వర్ణన యడుగు పృచ్ఛకుడు లేచి కంఠము సవరించుకొని "అవధానిగారూ! మా కోటను నాలుగు పాదముల వర్ణింపుడు" అనెను. అవధానిగారు అరమోడ్పుకన్నులతో ఒక్క నిమేషము యోచించి తోటను వర్ణించిరి. బురుజులు నిలువవలసిన చోట బొండుమల్లెలు నిలిచెను. ఫిరంగులు మ్రోగవలసిన తావున తుమ్మెదలు మ్రోగెను. పృచ్ఛకుడు తెరచిన నోరు తెరచినట్లే యుండెను. సభ క్షణకాలము బిత్తరపోయినది. అంతలో ముందువరుసనున్న యొక పెద్దమనుష్యుడు "ఆహా! యుద్ధము చూచిన కోటను తోటగా మార్చినారయ్యా! ఏమి శాంతిసందేశము!" అని తొడ చరచుటతో పందిరి పడిపోవునట్లు కరతాళధ్వనులు చెలరేగెను.

ఆ చప్పట్లేల మ్రోగెనో అవధానిగారికి మాత్రము తెలియదు. సభానంతరమున శాలువ కప్పినవారు చెవిచెంతకు వంగి "కోట యడిగిన తోట నిచ్చితిరి గదా! మీ చమత్కారమునకు జోహారు" అన్నప్పుడు ఆయన పెదవులు నవ్వెను గాని వెన్నులో చలి ప్రాకెను. కోటకును తోటకును నడుమనున్నది ఒక్క హల్లు. ఆ హల్లు జారెనా ఇల్లు జారెనన్నమాటే. మూడు సంవత్సరములుగా తాను దాచుకొనివచ్చిన రహస్యము నేడు పూలమాల వేసికొని సభలో నిలువబడినది. ఈసారి జనులు దానిని చమత్కారమనుకొనిరి. మరుసారి?

ఆయన వినికిడి చడీచప్పుడు లేకుండ తగ్గిపోయెను. (వినికిడి తగ్గువానికి చడీచప్పుడు తెలియకపోవుటలో వింత లేదు.) తొలుత కీచురాళ్లు పోయినవి. పిదప కోయిల పోయినది. తరువాత క యేదో త యేదో ప యేదో తేలక ఎదుటివాని పెదవులను చదువుట ఆయనకు అలవాటయ్యెను. కాని అవధానమున నిషిద్ధాక్షరి యని యొక అంశము గలదు. కవి యొక్కొక్క అక్షరము పలుకుచుండ తరువాతి యక్షరముగా ఏది రాగూడదో పృచ్ఛకుడు నిషేధించుచుండును. అచట నొక యక్షరమును పొరబడి వినుట చీకటిలో నూతి గట్టున నడచుట. పదునెనిమిదవ యేట ఆరంభించిన విద్య ఇది. అవధాని యన్న పేరు తప్ప ఆయనకు వేరొక పేరుగాని వేరొక పనిగాని లేదు. "చెవిటి అవధాని" యన్న మాట యొక్కసారి లోకుల నోట పడినచో ఆ పేరు పోవును. ఇరువది దినములలో పిఠాపురమున మరియొక సభ.

ఈ స్థితిలో రాజమహేంద్రవరమునందలి ఆయన గృహమునకు మేనకోడలు సువర్చల సెలవులకు వచ్చెను. ఆమె హైదరాబాదున ధ్వనిపరికరములు చేయు నొక సంస్థలో ఉద్యోగిని. ఇయర్‌బడ్స్ అని లోకము పిలుచునట్టివియు తీగ లేక తోక లేక చెవిలో మొగ్గవలె ఇమిడియుండునట్టివియు అగు కర్ణకోరకములను అంగడికి పంపకమునుపు తాను ధరించి నాదమెట్లున్నది నొప్పి పుట్టునా నడచిన జారునా నవ్విన ఊడునా యని పరీక్షించి తీర్పు వ్రాయుట ఆమె పని. "లోకమంతయు నోరు పెట్టుకొని బ్రతుకుచుండ మా పిల్ల చెవి పెట్టుకొని బ్రతుకుచున్నది" అని అవధానిగారు నలుగురిలో మురియుచుండెడివారు.

వచ్చిన మరునాటి ఉదయమున ఆమె వెనుకనుండి "మామయ్యా! కాఫీ" అనెను.

"టోపీ యెందుకే? ఎండ లేదుగా" అని ఆయన తిరుగకయే బదులిచ్చెను.

సువర్చల నవ్వలేదు. కాఫీగ్లాసు బల్లపై నుంచి ఎదురుగా వచ్చి కూర్చుండెను. "మామయ్యా! మీకు ఎప్పటినుండి వినబడుట లేదు?"

అవధానిగారి ముఖము వెలవెలపోయెను. లేచి వీధితలుపు మూసివచ్చి "మెల్లగా పలుకవే తల్లీ! గోడలకు చెవులుండును" అనెను.

"గోడలకున్నవి. మీకే లేవు. వైద్యుని చూచితిరా?"

"చూచినచో యంత్రము పెట్టుమనును. పెట్టుకొన్ననాడు ఊరందరును చూతురు. పిఠాపురము దాటనిమ్ము. ఆ తరువాత నీవు చెప్పిన వైద్యుని చూచెదను. మీ అత్తయ్యతో కూడ అనవద్దు."

ఆ స్వరమందలి వణకును విని మేనకోడలు వాదము మానెను. పెట్టెనుండి మూడు జతల కర్ణకోరకములను తీసి బల్లపై వరుసగా నుంచెను. ఇవి పాటలు వినిపించుటే కాక ఎదుటి మాటలను పట్టి పదునుపెట్టి చెవికందించు నేర్పు గలవనియు చికిత్సకు బదులు కావనియు అంతవరకు ఊతకఱ్ఱ వంటివనియు చెప్పెను.

పరీక్ష యారంభమయ్యెను. మొదటి జత పిలువని పేరంటమునకు వచ్చినదానివలె చెవిలో కుదురుకొనలేకపోయెను. పద్యము కట్టునప్పుడు యతిస్థానమున తల నొక్క ఊపు ఊపుట అవధానిగారి అలవాటు. మూడవ యతికి కుడిచెవిలోనిది ఎగిరి మజ్జిగగ్లాసులో మునిగెను. రెండవ జత అట్లు కాదు. సంక్రమించిన పదవివలె అది ఊడనే ఊడదు. అరగంట గడచుసరికి చెవిదొప్పలు రెండును కందిపోయి పద్యమునకు బదులు మూలుగు వెలువడెను. మూడవ జతకు మెత్తని రబ్బరుతొడుగులు పెక్కు కొలతలవి కలవు. సువర్చల ఆయన చెవుల నిటునటు త్రిప్పి చూచి "మీ చెవులు రెండును కవలలు గావు మామయ్యా" అని ఎడమచెవికి నడిమి తొడుగును కుడిచెవికి చిన్నదానిని తగిలించెను. ఆయన నమిలెను నడచెను నవ్వెను తుమ్మెను. మొగ్గలు కదలలేదు. గంటసేపటికి అవి యున్నవన్న మాటయే మరచెను.

పిమ్మట నాదపరీక్ష. పెదవులు కానరాకుండ సువర్చల తలుపు చాటున నిలిచి ఒంటి యక్షరములు ఇరువది పలికెను. మొగ్గలు లేక ఆయన సరిగా విన్నవి ఏడు. మొగ్గలతో పందొమ్మిది. ఇరువదియవది పలుకబోవుచుండగా ఆయన చేయెత్తి ఆపెను. వంటింటినుండి నడవలోనికి ఇల్లాలు విశాలాక్షమ్మగారు వచ్చుచుండిరి. మెట్టెలు గచ్చుపై టిక్కుటిక్కుమనుచుండెను. "ఈ మూడేండ్లుగా మీ అత్తయ్య మెత్తగా నడచుట నేర్చినదనుకొంటినే" అని చెప్పుచు ఆయన ఉత్తరీయపు కొంగుతో కన్నులొత్తుకొనెను.

సువర్చల పుస్తకమున సౌఖ్యము బాగు నాదము బాగు అని వ్రాసికొని కలము నిలిపి "సభలో మీరు వినవలసిన శబ్దములన్నింటిని ఒక్కొక్కటిగా పరీక్షింపవలెను. మా వృత్తిధర్మమది. ఎనిమిదింటిలో ఏమేమి యుండును?" అని అడిగెను.

అవధానిగారు వ్రేళ్లు ముడిచిరి. నిషిద్ధాక్షరి మాట. సమస్య మాట. దత్తపది వర్ణన ఆశువు పురాణము అన్నియు మాటలే. నడుమ నడుమ అడ్డుతగిలి హాస్యమాడు అప్రస్తుతప్రసంగము మాటలకు పుట్టినిల్లు. "ఏడును మాటలే."

"ఎనిమిదవది?"

"అది ఘంటాగణనము. ఒకరు అప్పుడప్పుడు గంట కొట్టుచుందురు. ఎన్నిమారులు కొట్టిరో కడపట చెప్పవలెను. అది లెక్క. చెవిపని కాదు. ధారణపని."

తరతరములుగా అవధానులు గంటను గణితమున చేర్చిరే కాని శబ్దమున చేర్చలేదు. సాధనవేళల శిష్యులు కూడ గంట కొట్టరు. మిన్నక వ్రేలు చూపుదురు. ఆ సంప్రదాయమెరుగని సువర్చల ఆయన చెప్పినదే సత్యమని "ఎనిమిదవది లెక్క" అని వ్రాసి పుస్తకము మూసెను. పొరపాటు ఆ పుస్తకములో ముచ్చటగా మడచుకొని పడుకొనెను.

పిఠాపురపు సభాదినము రానే వచ్చెను. అపరాహ్ణము నాలుగు గంటలకు కల్యాణమంటపము కిటకిటలాడుచుండెను. ఎన్నడును తలపాగా చుట్టని అవధానిగారు ఆనాడు చెవులు మూయునట్లు జరీపాగా చుట్టి వేదికనెక్కిరి. లోపల మొగ్గలు. బయట పాగా. నడుమ భయము. సువర్చల ముందువరుసలో కూర్చుండి కర్ణకోరకముల ధ్వనిని సవరించు ఫోనును చేతబట్టుకొని యుండెను.

వేదికపై కుడివైపున ఘంటాపృచ్ఛకురాలు మాణిక్యాంబగారు. ఆమె పాఠశాలలో ముప్పదియేండ్లు గంటకు లోబడి పాఠము చెప్పి విశ్రాంతి పొందిన పంతులమ్మ. ఎడమవైపున అప్రస్తుతప్రసంగి దువ్వూరి పరబ్రహ్మముగారు. విశ్రాంత తెలుగు అధ్యాపకులు. ఆయన గొంతు విప్పినచో మైకు సిగ్గుపడి తలవంచుకొనును.

మొదటి ఆవృత్తము ఆరంభమయ్యెను. ఆహా! ఏమి స్పష్టత! నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు క అనిన క గానే వినబడెను. త అనిన త గానే. అవధానిగారి గుండెపై మూడేండ్లుగా కూర్చున్న బండరాయి లేచి నిలుచున్నట్లయ్యెను. ఒక్కొక్క పృచ్ఛకునకు ఒక్కొక్క పాదము చెప్పుచు ఆయన దత్తపది చేరి రెండవ పదమును యోచించుచు అనుకొనకుండ కుడివైపునకు చూచెను.

మాణిక్యాంబగారి చేయి లేచెను. చిన్న కొయ్యసుత్తి కంచుగంటపై పడెను.

చప్పుడు లేదు.

అవధానిగారి నాలుకపై పద్యపాదము తెగిపోయెను. తాను చూచినది నిజమా? గంట నిజముగా మ్రోగెనా లేక ఆమె చేయి సవరించుకొనెనా? సభలో నొకరును వింతపడలేదు. వెనుకవరుసలో నొకడు లెక్కగా వ్రేలు ముడుచుట కనబడెను. మ్రోగినదన్నమాట. లోకమంతటికిని మ్రోగినది. తనకు తప్ప. ఇంతకుమునుపు ఎన్ని మ్రోగినవో? మూడా? ఐదా? చెమట కణతలపై బొట్టుకట్టెను. మొగ్గలు తీసినచో గంట వినబడునేమో కాని మాటలు మునుగును. తీయకున్న మాటలు దక్కును కాని గంట మునుగును. ఇటు గొయ్యి. అటు నుయ్యి. ఆ చేతిపై కన్నుంచుదమన్న పృచ్ఛకుల పెదవులు తప్పిపోవును. ఆయన తలపాగాను సవరించుకొనెను. సవరింపబోయిన పాగా ఒక్క చుట్టు జారెను. ఎడమచెవిలో తెల్లనిదొకటి దీపకాంతికి తళుక్కుమనెను.

అది పరబ్రహ్మముగారి కంటబడెను.

"ఏమండోయ్ అవధానిగారూ! ఎదుటివారి చెవిలో పువ్వులు పెట్టువారిని చూచితిమి. మీరేమి మీ చెవిలో మీరే మొగ్గలు పెట్టుకొంటిరి? అవి విచ్చినప్పుడు మా చెవికి మార్చెదరా?"

సభ గొల్లుమనెను. పరబ్రహ్మముగారు హాస్యమునకే యనిరి. కాని నవ్వు సగమున తెగెను. ఎవరో "ఇయర్‌బడ్స్!" అని అరచిరి. మరియెవరో "లోపలినుండి పద్యములు చెప్పించుకొనుచున్నాడు!" అనిరి. మూడవవాడు లేచి సువర్చల చేతిలోని ఫోనును వ్రేలితో చూపి "అదిగో! ఆ అమ్మాయి!" అనెను. మూడువందల తలలు ఒక్కమారుగా ఆమె వైపు మరలెను. సువర్చల లేచెను. ఎవరితోను అనవద్దన్న మేనమామ మాట ఆమెకు అడ్డుపడెను. సభాకార్యదర్శి ఆమె చెంతకు వచ్చి "ఫోను ఇటు ఇమ్మమ్మా" అని కఠినముగా చేయి చాచెను.

తన పేరు పోవునని మూడేండ్లు వణకిన అవధానిగారికి ఆ క్షణమున వేరొక పేరు పోవుచున్నదని తోచెను. వణకు నిలువలేదు. వణకుతోనే ఆయన లేచెను. పాగా విప్పి మొగ్గలు రెండును తీసి అరచేత నుంచికొని పలికెను.

"ఆ బిడ్డ నంటకుడు. దోషము నాది. నాకు చెవుడు. మూడు సంవత్సరములుగా క త ప లు నాకు తేడా తెలియవు. బొబ్బిలిలో కోట యడిగిన తోట చెప్పినది చమత్కారము కాదు. వినబడక. మాటలు వినబడుటకై ఇవి ధరించితిని. వీనిలోనుండి ఎవరును నాకు పద్యము చెప్పలేదు. నమ్ముడని యడుగను. పరబ్రహ్మముగారూ! మీరే ధరించి చూడుడు."

మంటపము నిశ్శబ్దమయ్యెను. ఆ నిశ్శబ్దమును కొలుచుటకు ఆయనకు చెవులక్కరలేకపోయెను. పరబ్రహ్మముగారు మొగ్గలను తుడిచి చెవులలో నుంచుకొని కన్నులు మూసి వినిరి. "ఎవడును పద్యము చెప్పుట లేదు. మీ అందరి గుసగుసలు మాత్రము నిక్షేపముగా వినవచ్చుచున్నవి. మూడవ వరుసలో నన్ను లావనిన దెవరు?" అనిరి. ఒకరిద్దరు నవ్విరి. అప్పుడు మాణిక్యాంబగారు ఏమి తోచియో "గంట కొట్టెదను వినుడు" అని పరబ్రహ్మముగారి వెనుకకు వచ్చి దానిని గట్టిగా ఒక్క దెబ్బ కొట్టిరి. సభ అంతయు ఉలికిపడెను. పరబ్రహ్మముగారు కదలలేదు.

"కొట్టెదనంటిరే. కొట్టరేమమ్మా?" అని ఆయన అడిగెను.

"కొట్టితిని."

ఆమె మరల కొట్టిరి. ఆయన సుత్తిని చూచిరి. గంటను చూచిరి. ముఖము పాలిపోయెను. "నాదము బ్రహ్మమందురు. ఈ బ్రహ్మమునకు నాదమే లేకపోయె!" అనిరి. ఆ మాటకు ఎవరును నవ్వలేదు.

సువర్చల వేదికచెంతకు వచ్చి కన్నీరు తుడిచికొనుచు వివరించెను. హఠాత్తుగా పెళ్లుమను శబ్దము చెవికి హాని యని యెంచి యీ పరికరము దానిని అణచివేయును. మాటలను పోషించును. గంటను మ్రింగును. "అన్నియు పరీక్షించితిని. గంటను లెక్కయని విడిచితిని. తప్పు నాది" అనెను.

"నీది కాదమ్మా. లెక్కయని చెప్పినవాడను నేను" అని అవధానిగారు సభకు నమస్కరించిరి. "గంట వినలేనివాడు అష్టావధాని కాడు. ఏడింటితో సరిపుచ్చుకొనుడని మిమ్ము వేడుటయు న్యాయము కాదు. సెలవిండు."

ఆయన దిగుటకు మెట్టు వెదకుచుండగా మాణిక్యాంబగారు గంటను బోర్లించి క్రింద నుంచిరి. "కూర్చుండుడు. గంటకు బదులు వీపుపై పూలు విసరుటయు మన విద్యలో నున్నదే గదా. పుష్పగణనము. స్పర్శను లెక్కింపుడు. చర్మమునకు చెవుడు రాలేదు గదా?" అని వేదికకు కట్టిన చేమంతిమాలను త్రెంచి ఒడిలో పోసికొనిరి. కార్యదర్శి చాచిన చేయి వెనుకకు తీసికొనెను.

అవధానిగారు ఉత్తరీయము తొలగించి మొగ్గలను అందరును చూచుచుండగా మరల ధరించి కూర్చుండిరి. అప్పటికి భయము పోయెననుకొందుమా? పోలేదు. పెరిగెను. గంటయైన దబ్బున పడును. చేమంతి తాకుట ఎంత? ఉత్సాహము లేని యీగ వ్రాలినంత. పద్యపాదము కూర్చుచుండగా వెన్నుపై నొక మెత్తని తాకిడి. ఒకటి. సమస్య నడుమ రెండు. అంతలో మెడనుండి చెమటచుక్క యొకటి వెన్నెముక వెంబడి జారెను. అది పువ్వా? చెమటా? పంఖాగాలికి జంధ్యము కదలెను. అది పువ్వా? దారమా? ఏడు దిక్కులనుండి ప్రశ్నలు. ఎనిమిదవ దిక్కు వీపు. మూడవ ఆవృత్తమున ఎడమ రెక్కక్రింద ఏదియో తాకెను. మాణిక్యాంబగారు కుడివైపున గదా యుండిరి? ఆయన యొక్క క్షణము తటపటాయించెను. తాకినది తాకినదే యని లెక్కలో చేర్చుకొనెను.

నాలుగు ఆవృత్తములు ముగిసెను. పద్యములన్నియు ఏకధాటిగా అప్పగించు ధారణకు ముందు మాణిక్యాంబగారు కాగితము మడచి పట్టుకొని "ఎన్ని?" అని అడిగిరి.

"ఇరువదిమూడు."

ఆమె ముఖము చిన్నబోయెను. కాగితము విప్పిరి. "ఇరువదిరెండు వేసితినండీ."

సభ నుండి ఒక నిట్టూర్పు లేచి పైకప్పునకు తగిలినట్లయ్యెను. సువర్చల నోటికి కొంగు అడ్డుపెట్టుకొనెను. చెమటను పువ్వని లెక్కించితినా? చర్మము కూడ మోసగించెనా? ఇరువదిరెండని దిద్దుకొన్నచో దయతలచి చప్పట్లు కొట్టుదురు. ఆ దయను తలచుటయే ఆయనకు మరింత భయమయ్యెను. ఎండిన నోట "అమ్మా! ఇరువదిమూడే తాకినవి. ఒకటి ఎడమవైపునుండి వచ్చినది" అని పలికెను.

అప్పుడు పరబ్రహ్మముగారు లేచిరి. ఆయన గొంతు ఆనాటికి మొదటిమారు తగ్గెను. మైకు దగ్గరకు వెళ్లవలసివచ్చెను.

"అయ్యలారా అమ్మలారా! మాణిక్యాంబగారి లెక్క తప్పలేదు. అవధానిగారి లెక్కయు తప్పలేదు. చెవిలో మొగ్గలను చూచి మొదట నోరు జారినవాడను నేను. ఎవరైన లెక్క అందించుచున్నారేమో యన్న అనుమానము పీకుచుండగా మూడవ ఆవృత్తమున ఎవరును చూడకుండ ఎడమనుండి ఒక చేమంతి విసరితిని. ప్రసంగమున అప్రస్తుతము నా హక్కు. పుష్పమున అప్రస్తుతము నా తప్పు. క్షమింపుడు."

మూడువందల మందియు వేదికవైపు వంగి చూచిరి. చాపపై కుడివైపున చేమంతులు కుప్పపడి యుండెను. ఎడమవైపున ఒంటిగా నొకటి. అవధానిగారు వెనుకకు తిరిగి దానిని చూచిరి. ముట్టలేదు. చేతులను ఒడిలో నొకదానిపై నొకటి యుంచుకొని గొంతు సవరించుకొని మొదటి పద్యపు మొదటి పాదమునుండి ధారణ నారంభించిరి.